టోనీ సొప్రానో చనిపోయాడా? ఆ వాదన సక్రమంగా చేసే పద్ధతి

2007 జూన్ 10న అమెరికాలో హెచ్‌బీఓ ఛానెల్ ‘ది సొప్రానోస్’ ధారావాహికలో 86వదీ చిట్టచివరిదీ అయిన ఎపిసోడ్‌ను ప్రసారం చేసింది. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సొప్రానో ఒక చిన్న హోటల్లో భార్య, కొడుకుతో కూర్చుని కూతురి కోసం ఎదురుచూస్తుంటాడు. తలుపు గంట మోగుతుంది, అతను తలెత్తుతాడు, తెర నల్లబడిపోతుంది. మాట లేదు, సంగీతం లేదు. సుమారు పది సెకన్ల తరువాత పేర్లు మొదలవుతాయి, అవీ నిశ్శబ్దంగానే నడుస్తాయి. ఆ రాత్రి చూసిన సుమారు 1 కోటి 19 లక్షల మందిలో చాలామంది సరిగ్గా ఆ క్షణంలో తమ కేబుల్ పోయిందనుకున్నారు. మన ఇళ్లలో అయితే కరెంటు పోయిందేమోనని ముందు ఫ్యాను వైపు చూసి ఉండేవాళ్లం.

ఆ పది సెకన్ల మీద అభిమానుల వాదన ఈనాటికీ సాగుతూనే ఉంది. ‘శుభం’ కార్డు పడ్డాక లేచే అలవాటున్న మనకు ఇటువంటి ముగింపు మొదట మోసంలా తోస్తుంది, తరువాత ఎంతకాలమైనా మనసును వదలదు. నేను విన్న వాదనల్లో ఎక్కువ భాగం రెండు మాటల దగ్గరే నిలిచిపోయాయి. ‘చచ్చిపోయాడు, ఇంకేముంది’ అని ఒకరంటే, ‘చూపించలేదు కదా’ అని మరొకరంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, కాని ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఆ చిక్కు విడదీసుకుని వాదనను ముందుకు తీసుకుపోయే పద్ధతిని నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను. ఈ ధారావాహిక ఇంకా చూడనివారు దయచేసి ఇక్కడే ఆగి, అది చూసిన తరువాత రండి. ఇకపై కథలో దాచేదేమీ ఉండదు.

అన్నిటికంటే ముందు జ్ఞాపకాన్ని నమ్ముకోవడం మానేయాలి. కాల్పుల శబ్దం విన్నామని, తుపాకీ కనిపించిందని ప్రమాణపూర్వకంగా చెప్పే మనుషులు నాకు తగిలారు. ఆ రెండూ అందులో లేవు. కాబట్టి చివరి సన్నివేశాన్ని కనీసం మూడుసార్లు చూడండి. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి ధ్వని పూర్తిగా తీసేసి చూడండి, ఎందుకంటే ఆ సన్నివేశంలో వినిపించే, జర్నీ అనే రాక్ బృందం 1981లో పాడిన పాట మన గుండెవేగాన్ని ఎంతగా నడిపిస్తోందో అది లేనప్పుడే తెలుస్తుంది. మూడోసారి కాగితం, పెన్ను పట్టుకుని, గంట మోగిన ప్రతిసారీ ఆపి, ముందున్న షాట్‌నూ తరువాతి షాట్‌నూ రాసుకోండి.

ఈ మూడో పని చేసినవారికి ఒక వరుస కంటికి కనిపిస్తుంది. తలుపు గంట మోగుతుంది, టోనీ ముఖం తెర మీదికి వస్తుంది, ఆ తరువాత వచ్చినవారిని అతను కూర్చున్న చోటి నుంచి మనం చూస్తాం. ఎవరో ఒక స్త్రీ వస్తుంది, యు.ఎస్.ఎ. అని రాసి ఉన్న టోపీ పెట్టుకున్న మనిషి వస్తాడు, భార్య కార్మెలా వస్తుంది, ‘మెంబర్స్ ఓన్లీ’ అనే బ్రాండు జాకెట్ వేసుకున్న అపరిచితుడు, అతని వెనుకే కొడుకు ఏజే వస్తారు. బయట కూతురు మేడో కారును దారి పక్కన రెండు కార్ల మధ్య పెట్టలేక మళ్లీ మళ్లీ ముందుకూ వెనక్కీ నడుపుతుంటుంది. చివరికి ఆమె పరుగెత్తుకొస్తుంది, గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు. అలవాటు ప్రకారం ఆ తరువాత అతని కళ్లకు కనిపించేది రావాలి. వచ్చేది చీకటి. పాట కూడా ‘ఆగవద్దు’ అని చెప్పే పల్లవిలో సరిగ్గా ‘స్టాప్’ అనే మాట మీద తెగిపోతుంది. ఈ వరుసను గమనించకుండా ఎవరు ఏ పక్షం వాదించినా ఆ వాదనకు పునాది ఉండదని నా నిశ్చితాభిప్రాయం.

ఈ సన్నివేశం తీసిన చోటు కల్పితం కాదు. న్యూజెర్సీలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో హోల్‌స్టెన్స్ అనే ఐస్‌క్రీమ్, మిఠాయి దుకాణం అది. టోనీ కూర్చున్న సీటునూ బల్లనూ ఆ దుకాణంవారు 2024లో వేలానికి పెడితే 82,600 డాలర్లు పలికింది. తెలుగువాళ్లు వేలల్లో ఉండే ఎడిసన్ ఊరు అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. అక్కడ ఉంటున్న మా తమ్ముడు ఒక ఆదివారం వెళ్లి ఆనియన్ రింగ్స్ తిని వచ్చి, ‘అన్నా, అక్కడ కూర్చుంటే ఎవరికైనా చూపు తలుపు మీదకే పోతుంది’ అని ఫోన్లో చెప్పాడు. వాదనకు అది సాక్ష్యం కాకపోయినా, టోనీ తలెత్తడంలో ప్రత్యేకత ఎంత, అలవాటు ఎంత అనే ప్రశ్న నాకు మొదటిసారి అప్పుడే కలిగింది.

రెండో పని, రాసుకున్నదాన్ని మూడు భాగాలుగా విడదీయడం. తెర మీద చూపించినది ఒకటి, సూచించినది రెండు, సృష్టికర్త బయట చెప్పినది మూడు. మన అలంకారశాస్త్రం ఈ విషయంలో మనకు మంచి పనిముట్టు ఇచ్చింది. మాట నేరుగా చెప్పే అర్థం వాచ్యం, సందర్భం వల్ల స్ఫురించే అర్థం వ్యంగ్యం, అలా స్ఫురింపజేయడాన్నే ధ్వని అంటారు. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒక్క వాక్యాన్ని ఆ శాస్త్రంలో ఉదాహరణగా చెబుతారు. ఆ మాట విన్న పశువుల కాపరికి మందను ఇంటికి తోలుకుపోవాలని స్ఫురిస్తుంది, దొంగకు బయలుదేరే వేళ అయిందని స్ఫురిస్తుంది, ప్రియుడి కోసం చూసే నాయికకు మరొకటి స్ఫురిస్తుంది. టోనీ ముందు పడిన చీకటి సరిగ్గా అటువంటి వాక్యమే. అతని మరణం వాచ్యం కాదు, దాని మీద ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండనక్కరలేదు. అది ధ్వనిగా ఉందా లేదా, ఉంటే ఎంత బలంగా ఉంది అన్నదే అసలు చర్చ. ఇంత తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

మూడో పని కష్టమైనది. మన శాస్త్రచర్చల్లో సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, వారే మెచ్చుకునేంత బలంగా చెప్పాలనే నియమం ఉండేది. ఇక్కడా అదే చేయాలి. ‘బతికే ఉన్నాడు’ అనేవారి తరఫున చెప్పవలసినది చాలా ఉంది. టోనీకి ప్రాణశత్రువైన ఫిల్ లియొటార్డో అదే ఎపిసోడ్‌లో పెట్రోలు బంకు దగ్గర హతుడయ్యాడు. అతని మనిషి బుచ్ అప్పటికే రాజీకి వచ్చాడు. అంటే చంపించడానికి వెంటనే కనిపించే కారణం ఎవరికీ లేదు. పైగా టోనీ అనుచరుడు కార్లో ప్రభుత్వం వైపు తిరిగి సాక్ష్యం చెబుతున్నాడు, నేరారోపణ జరగడానికి 80 నుంచి 90 శాతం అవకాశం ఉందని లాయరు చెప్పాడు. కాబట్టి అతని మీద పడబోయేది తుపాకీ గుండు కాదు, కోర్టు కేసు అని చదవడం సహేతుకమే. మరొక బలమైన పాయింటు కూడా ఉంది. మేడో బయట కారు పెట్టుకుంటున్న షాట్లు టోనీ చూసినవి కావు. సన్నివేశం మొత్తం అతని కళ్లతో నడవనప్పుడు, చివరి చీకటి మాత్రం అతని చూపే అని ఎలా అంటాం? చనిపోయాడనే పక్షంవారిలో ఎక్కువమంది ఈ ప్రశ్నను దాటవేస్తారు. దాటవేయకూడదు.

ఇక ‘చనిపోయాడు’ అనేవారి వాదం ఆ ఒక్క సన్నివేశంలో లేదు, అంతకు ముందు ఎపిసోడ్లలో ఉంది. ఆరో సీజన్ రెండో భాగం మొదట్లో సరస్సులో పడవ మీద కూర్చుని టోనీ అక్క భర్త బాబీ, చావు వచ్చేటప్పుడు దాని చప్పుడు కూడా మనకు వినబడదేమో అంటాడు. తరువాతి ఎపిసోడ్‌లో జెర్రీ అనే మనిషిని హోటల్లో కాల్చినప్పుడు, పక్కనే భోంచేస్తున్న టోనీ అనుచరుడు సిల్వియోకు ముందు ముఖం మీద రక్తం చిందుతుంది, జరిగిందేమిటో ఆ తరువాతే బోధపడుతుంది. తుపాకీ చప్పుడు కంటే చావు ముందు వస్తుందని ఆ షాట్ మనకు నేర్పుతుంది. చివరిదానికి ముందు ఎపిసోడ్‌లో బాబీ హత్యకు గురవుతాడు, ఆ రాత్రి తుపాకీ గుండెల మీద పెట్టుకుని పడుకున్న టోనీకి పడవ మీద బాబీ అన్న ఆ మాట గుర్తుకొస్తుంది. రచయిత ఒక మాటను అంత శ్రద్ధగా రెండుసార్లు వినిపించి, మూడోసారి దాన్ని నిశ్శబ్దంగా నిరూపించాడని ఈ పక్షం అంటుంది. జాకెట్ మనిషి టోనీ బల్ల వైపు చూసి, దాని పక్క నుంచే మరుగుదొడ్డికి వెళ్లడం ‘గాడ్‌ఫాదర్’ సినిమాలో మైకేల్ మరుగుదొడ్డి నుంచి తుపాకీ తెచ్చుకున్న ఘట్టాన్ని గుర్తు చేస్తుంది. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరే ‘మెంబర్స్ ఓన్లీ’, అందులోనే టోనీకి తొలిసారి చావుబతుకుల గాయమయింది. అయినా జాకెట్ మీద మరీ ఎక్కువ భారం వేయకండి. అది అనుమానం పుట్టిస్తుందే గాని దేన్నీ రుజువు చేయదు.

ఆనియన్ రింగ్స్‌ను ముగ్గురూ కొరకకుండా ఒక్కొక్కటి నోట్లో పెట్టుకోవడాన్ని చర్చిలో ఇచ్చే పవిత్ర రొట్టెతో పోల్చేవారున్నారు. ఇటాలియన్ కాథలిక్ కుటుంబం కథ కాబట్టి ఆ పోలిక అందంగానే ఉంది, కాని దాని నుంచి చావూ రాదు, బతుకూ రాదు.

నాలుగోది, సృష్టికర్త మాటలను ఎలా వాడాలన్నది. డేవిడ్ చేజ్ ఈ ఎపిసోడ్‌ను స్వయంగా రాసి, దర్శకత్వం వహించాడు. ప్రసారమైన వెంటనే న్యూజెర్సీ పత్రిక ‘స్టార్ లెడ్జర్’తో మాట్లాడుతూ, అక్కడ ఉన్నదానికి వివరణ ఇవ్వడం గాని, మరొకటి చేర్చడం గాని తనకు ఇష్టం లేదన్నాడు. 2014లో ఒక వ్యాసం, టోనీ చనిపోలేదని చేజ్ చెప్పినట్లు ప్రకటించింది. వెంటనే అతని తరఫువారు ఆ మాటను వక్రీకరించారని, టోనీ బతికాడా చనిపోయాడా అన్నది అసలు విషయమే కాదని ఖండించారు. 2019లో వెలువడిన ఒక పుస్తకంలోని సంభాషణలో ‘చావు సన్నివేశం’ అనే మాట అతని నోట జారింది. 2021లో మరింత వివరంగా, మొదట తాను అనుకున్న ముగింపులో టోనీ ఒక సమావేశానికి న్యూయార్క్ వైపు కారులో వెళ్లి అక్కడ హతమవుతాడని, తరువాత ఒక చిన్న హోటల్‌ను చూసినప్పుడు ఆలోచన మారిందని చెప్పాడు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో టోనీ న్యూయార్క్ నుంచి లింకన్ సొరంగం గుండా న్యూజెర్సీ వైపు వచ్చే దృశ్యం చూసినవారికి, ఆ తొలి ఊహ అదే దారిని వెనక్కి తిప్పడమని అర్థమవుతుంది. ఈ మాటలను ఉటంకించేటప్పుడు తప్పకుండా సంవత్సరం చెప్పండి. 2007 నాటి మౌనాన్ని ఒకరు, 2021 నాటి మాటను మరొకరు తేదీలు లేకుండా విసురుకుంటే ఇద్దరూ అబద్ధమాడుతున్నట్లే ఉంటుంది. రచయిత ఉద్దేశం ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. తీసి మన చేతిలో పెట్టిన తరువాత ఆ సన్నివేశం చెప్పేదేదో అదే చెప్పాలి.

వాదించే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను తప్పు చేశాను. కొన్నేళ్ల క్రితం ఇంట్లో మిత్రులం కూర్చున్నప్పుడు, టోనీ బతికే ఉన్నాడన్న స్నేహితుడితో ‘నీకు సినిమా చూడడం రాదు’ అనేశాను. అతను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ సాయంత్రమంతా మరి మాట్లాడలేదు. రెండు వారాల తరువాత క్షమాపణ చెప్పి, అతని పక్షాన్ని నేనూ నా పక్షాన్ని అతనూ వాదించాలని అడిగాను. మేడో షాట్ల సంగతి నా ఆలోచనలోకి వచ్చింది ఆ రోజే, అతని తరఫున మాటలు వెతుక్కుంటున్నప్పుడు. అప్పటి నుంచి వాదన వేడెక్కిన ప్రతిసారీ మేం పక్షాలు మార్చుకుంటున్నాం. మీరూ మార్చుకుని చూడండి, అరగంట చాలు.

నా మటుకు నేను, మరణం ధ్వనిగా బలంగానే ఉందని నమ్ముతాను. బాబీ మాట, సిల్వియో ముఖం మీది రక్తం, చివరి నిశ్శబ్దం, ఈ మూడూ ఒకే దారం మీద ఉన్నాయి. అయితే చేజ్ ఆ దారానికి ముడి వేయలేదు, వేయకపోవడంలోనే ఒక భయం ఉంది. తలుపు గంట మోగినప్పుడల్లా తలెత్తవలసిన బతుకు టోనీది. ఆ గంట ఏదో ఒక రోజు ఆఖరిది అవుతుంది, అది ఈ రోజేనా అని అతనికి గాని మనకు గాని తెలియదు. దీన్ని ఒప్పుకోని స్నేహితుడితో నేను ఇప్పటికీ సంతోషంగా వాదిస్తాను.

ఇక ఈ ముగింపును కొత్తవారికి మొదటిసారి చూపించే అవకాశం వస్తే, ఏదో జరగబోతోందని ముందుగా ఒక్క మాట కూడా చెప్పకండి, వారి ముఖం వైపు చూడకండి. తెర నల్లబడగానే వాళ్లు రిమోట్ కోసం వెతుకుతారు, అది మీ చేతిలో ఉంచుకుని పేర్లు పూర్తయ్యేవరకు కదలకుండా కూర్చోండి. తరువాత ‘చనిపోయాడంటావా?’ అని అడగవద్దు. ‘చివరిగా నీకేం వినబడింది?’ అని అడిగి, వారు చెప్పేది పూర్తిగా వినండి.