గుండెలో కూర్చున్న విగ్రహాన్ని ఎలా కనిపెట్టాలి, ఎలా దించాలి?

విగ్రహం అనగానే మనలో చాలామందికి వేరేవాళ్ళ పూజగది గుర్తొస్తుంది. ఒకసారి బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 14వ అధ్యాయం తీసి చూడండి. ప్రవక్త ముందు వచ్చి కూర్చున్నది ఇశ్రాయేలు పెద్దలు, దేవుడి మాట అడుగుదామని వచ్చినవాళ్ళు. వీళ్ళు విగ్రహాలను హృదయాల్లోనే పెట్టుకున్నారని దేవుడు అన్నది వాళ్ళనే. అందుకని పక్కింటివాళ్ళను వదిలేసి, ఆదివారం ముందు వరుసలో కూర్చునే మన సంగతి చూసుకుందాం.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. వారం రోజులు ప్రార్థనలో ఏం అడిగారో ఉన్నది ఉన్నట్టు రాయండి, ఎవరో చదువుతారన్నట్టు అందంగా రాయొద్దు. నేను రాసిన వారం మా అబ్బాయి ఎంసెట్ రాసి ఫలితం కోసం చూస్తున్నాడు. ఏడు రోజుల్లో ర్యాంకు గురించి ఇరవై మూడుసార్లు అడిగాను, మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి ఒక్కసారి. ఇంకా సిగ్గనిపించింది శనివారం రాసుకున్న లైను: "మంచి ర్యాంకు ఇస్తే సభలో సాక్ష్యం చెప్తాను ప్రభువా." కూరగాయల బండి దగ్గర ఆడే బేరానికీ దీనికీ తేడా ఏముంది? బేరం మొదలైందంటే మనకు కావాల్సింది ఆ వస్తువే, యేసయ్య దాన్ని తెచ్చిపెట్టేవాడు మాత్రమే అని అర్థం.

ఆ తర్వాత మీ కోపాన్నీ, భయాన్నీ గమనించండి. ఏది పోతే ఇక బతుకే లేదనిపిస్తుంది? ఎవరు దేన్ని ముట్టుకుంటే ఒళ్ళు మండుతుంది? కొందరికి అమెరికా వీసా, కొందరికి ఊరి బయట కొన్న ప్లాటు, కొందరికి "నలుగురూ ఏమనుకుంటారు" అన్న టెన్షన్. డబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, ధనాపేక్ష విగ్రహారాధనే అని కొలొస్సయులకు 3:5లో పౌలు నేరుగా రాసేశాడు.

కనిపెట్టడం కష్టమైంది వేరే ఉంది: సేవ. క్వయిర్‌లో స్పెషల్ సాంగ్ ఈసారి ఇంకొకరికి ఇచ్చారని ముఖం మాడ్చుకోవడం, ఆరాధన అయిపోగానే యూట్యూబ్ లైవ్‌కి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూసుకోవడం, కానుక ఇచ్చినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు మన పేరు వచ్చేదాకా చెవులు రిక్కించడం. (డిసెంబర్ 31 రాత్రి చర్చిలో తీసిన వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికని బైబిల్ వచనం రాసి ఇచ్చే కార్డు, నచ్చలేదని ఇంకోటి తీసేవాళ్ళను చూశాను, నేనూ ఒకసారి తీశాను.) ఇత్తడి సర్పాన్ని మోషే చేత దేవుడే చేయించాడు, పాములు కరిచిన జనం దాన్ని చూసి బతికారు. అయితే కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే సర్పానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడని 2 రాజులు 18:4లో ఉంది. దేవుడు ఇచ్చింది కదా, పురాతనమైనది కదా అని ఆగలేదు.

కనిపెట్టాక దాని పేరు చెప్పి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు" అనే హోల్‌సేల్ ప్రార్థన ఇక్కడ పనికిరాదు. "ప్రభువా, నా కొడుకు ర్యాంకును నీకంటే ఎక్కువ నమ్ముకున్నాను" అనాలి, గొంతు దాటి రావడానికి నాకు రెండు రోజులు పట్టింది. దేవుడితో పాటు నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి. అందరి ముందూ మైకులో చెబితే అదే ఇంకో విగ్రహం అయ్యే ప్రమాదం ఉంది.

ఇక తీసేయడం. కొన్నిటిని పారేయాల్సిందే. బెట్టింగ్ యాప్‌ను అదుపులో పెట్టుకుంటాననొద్దు, డిలీట్ చేయండి. యాకోబు భార్య రాహేలు తన తండ్రి ఇంటి దేవతలను దొంగిలించి ఒంటె సామాన్లలో దాచింది, చివరికి యాకోబు ఇంటివాళ్ళ దగ్గరున్న అన్యదేవతలన్నిటినీ షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టాడు. కానీ పిల్లల్నీ ఉద్యోగాన్నీ పాతిపెట్టలేం కదా! వాటిని సింహాసనం మీద నుంచి దించితే చాలు. దేవుడు అబ్రాహామును అతని కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని అడిగాడు, చివరికి పొదలో చిక్కుకున్న పొట్టేలు బలైంది.

దించిన చోటును ఖాళీగా వదలొద్దు. ఇశ్రాయేలు నాయకుడు గిద్యోను బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పడగొట్టి ఊరుకోలేదు, యెహోవాకు బలిపీఠం కట్టాడు. అదీ జనానికి భయపడి రాత్రిపూట చేశాడు, కాబట్టి ధైర్యం వచ్చాక చేద్దామని మీరు ఆగక్కర్లేదు. మైకు మీ విగ్రహమైతే నెల రోజులు వేరేవాళ్ళకు ఇచ్చి వెనక బెంచీలో కూర్చుని పాడండి. డబ్బు అయితే ఎవరికీ తెలియకుండా, కాస్త నొప్పి పుట్టేంత ఇవ్వండి. ఫోన్ అయితే పొద్దున బైబిల్ తెరిచేదాకా దాన్ని వేరే గదిలో పెట్టండి. మా ఇంట్లో భోజనాల దగ్గర మార్కుల మాట మానేశాం. మొదటి మూడు రోజులు ఏం మాట్లాడుకోవాలో మాకే తెలియలేదు, పప్పు బాగుంది అంటే పప్పు బాగుంది అనుకున్నాం.

ఒకసారి దించితే అయిపోయిందనుకోవద్దు. అదే గిద్యోను తర్వాత బంగారంతో ఏఫోదు (యాజకులు వేసుకునే వస్త్రం లాంటిది) చేయించి తన ఊరు ఒఫ్రాలో పెడితే, జనం దాన్నే పూజించారు, అది ఆయన ఇంటివాళ్ళకే ఉచ్చు అయింది. నెలకోసారైనా ఆ నోట్‌బుక్ తిరగేయండి. మా వాడు ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మొన్న నా నోట్‌బుక్ తీసి చూసుకుంటే ఒకే వారంలో "క్యాంపస్ ప్లేస్‌మెంట్" అని తొమ్మిదిసార్లు ఉంది.