ఉబుంటులో గ్రబ్ టైమౌట్ మాట వినకపోతే ఎక్కడ వెతకాలి

కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ లేపాలో అడిగే మెనూ చూపేది గ్రబ్; ఆ మెనూ ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పేది టైమౌట్. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో గ్రబ్_టైమౌట్=5 అని పెట్టినా మెనూ 30 సెకన్లు నిలబడుతోందా? లేక సెకన్ల లెక్క ఆగిపోయి, ఎంటర్ కొట్టేదాకా కదలట్లేదా? రెండింటికీ కారణాలు వేరు.

ముందు తేలికది చూడండి. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ ఆ ఫైలు చదవదు, /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ చదువుతుంది. మీ మార్పు అందులోకి వెళ్లాలంటే సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాల్సిందే. గ్రబ్.సీఎఫ్‌జీని చేత్తో దిద్దితే లాభం లేదు, కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ తయారవుతుంది. (టెర్మినల్‌లో అన్నీ ఇంగ్లిషులోనే కొట్టాలి, గ్రబ్_టైమౌట్ లాంటి పేర్లు పెద్దక్షరాల్లో.) /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్.డీ ఫోల్డరూ చూడండి. అప్‌డేట్-గ్రబ్ అందులోని ఫైళ్లను చివర్లో చదువుతుంది కాబట్టి వాటి మాటే చెల్లుతుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో టైమౌట్‌ను 0 చేసే ఫైలు ఉండేది అక్కడే.

ఇక ఆ 30 సెకన్లు. ఉబుంటు గ్రబ్ బూట్ మొదలుపెట్టగానే గ్రబ్ఎన్వ్ (తన గుర్తులు దాచుకునే) ఫైల్లో రికార్డ్‌ఫెయిల్=1 అని రాసుకుంటుంది. సిస్టమ్ పూర్తిగా లేచాక గ్రబ్-కామన్ సర్వీసు దాన్ని చెరిపేస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ గుర్తు మిగిలిపోయి, తర్వాతి బూట్‌లో 30 సెకన్లు ఆగుతుంది. ఒక్కసారి జరిగితే పట్టించుకోనక్కర్లేదు. ప్రతిసారీ జరిగితే, లాగిన్ అయ్యాక సుడో గ్రబ్-ఎడిట్ఎన్వ్ లిస్ట్ కొట్టండి. రికార్డ్‌ఫెయిల్=1 ఇంకా కనిపిస్తోందంటే ఆ సర్వీసు నడవట్లేదు; సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ గ్రబ్-కామన్ కారణం చెబుతుంది.

రికార్డ్‌ఫెయిల్ గుర్తు లేకపోయినా ఆగుతోందా? డీఎఫ్ /బూట్ కొట్టండి. /డెవ్/మ్యాపర్ అని మొదలైతే సాధారణంగా /బూట్ ఎల్‌వీఎం (డిస్కులను కలిపి వాటాలుగా పంచే పద్ధతి) మీద ఉన్నట్టు. ఎల్‌వీఎం మీద, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ల మీద గ్రబ్ చదవగలదు కానీ రాయలేదు. పోయినసారి బూట్ చెడిందో లేదో దానికి తెలియదు. అందుకే యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) మెషీన్లలో ఎప్పుడూ 30 సెకన్లు మెనూ చూపిస్తుంది. ఇది చాలామందిని రోజుల తరబడి తిప్పలు పెడుతుంది, ఎందుకంటే గ్రబ్_టైమౌట్‌ను ఎంత మార్చినా దీనికి పట్టదు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్=5 అని కొత్త లైను చేర్చి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. రీబూట్ చేసేముందు గ్రబ్.సీఎఫ్‌జీలో టైమౌట్ అని గ్రెప్ చేసి (అంటే ఆ మాట వెతికి), 30 ఉన్న చోట 5 వచ్చిందో లేదో చూసుకోండి. 0 మాత్రం పెట్టొద్దు, బూట్ నిజంగా చెడిన రోజు రికవరీ మోడ్‌ను ఎంచుకునే సమయమే ఉండదు.

లెక్క మొత్తానికే ఆగిపోతుంటే గ్రబ్_టైమౌట్ విలువ -1 ఉందేమో చూడండి. అంటే ఎవరో ఎంచుకునేదాకా ఆగమని. స్క్రీన్ లేని సర్వర్‌కి అది పనికిరాదు. -1 లేకపోతే అనుమానం కీబోర్డు మీదే: ఏ కీ నొక్కినా లెక్క ఆగుతుంది. ఇరుక్కున్న కీ, కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డును చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె), సీరియల్ లైన్లో (కన్సోల్ కేబుల్‌లో) వచ్చే చెత్త అక్షరాలు కూడా అదే పని చేస్తాయి. కీబోర్డు పీకేసి ఒకసారి బూట్ చేయండి. అప్పుడు లెక్క నడిస్తే దొంగ దొరికినట్టే. సీరియల్ అయితే గ్రబ్_టెర్మినల్ లైన్లోంచి సీరియల్ తీసేసి, మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.