ఫిగర్ స్కేటర్ కెరీర్ పట్టిక రాసుకోవడం ఎలా? మిఖాల్ బ్రెజినాతో మొదలుపెట్టండి

ఒక స్కేటర్ ఎక్కడ ఎదిగాడో, ఎక్కడ తగ్గాడో తెలియాలంటే అతని ఫలితాలు మన చేత్తో మనం రాసుకోవాల్సిందే. చెక్ స్కేటర్ బ్రెజినా దీనికి బాగా పనికొస్తాడు. 2010, 2014, 2018, 2022, నాలుగు ఒలింపిక్స్‌లోనూ దిగాడు, మధ్యలో మార్కుల లెక్కే మారిపోయింది.

కావలసినవి: గళ్ల నోట్‌బుక్, నీలం, ఎరుపు పెన్నులు, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పెట్టే ఫలితాల పీడీఎఫ్‌లు. ఎక్సెల్ వద్దు. అందులో పెడితే చేయి ఊరుకోదు, మార్కులన్నీ ఒకే వరసలో పేర్చి గ్రాఫ్ గీసేస్తారు, సగం తప్పులు పుట్టేది అక్కడే.

1. సంవత్సరం కాదు, సీజన్ రాయండి. జులై 1 నుంచి జూన్ 30 వరకు ఒక సీజన్. 2011 ఏప్రిల్‌లో మాస్కో ప్రపంచ పోటీల్లో 4వ స్థానం వచ్చింది, అది 2010-11 కింద. అదే ఏడాది అక్టోబర్‌లో స్కేట్ అమెరికా (గ్రాండ్ ప్రి సిరీస్‌లో ఒక పోటీ) గెలిచాడు, అది 2011-12 కింద.

2. స్థానాలు నీలం పెన్నుతో దింపేయండి. 2009 జూనియర్ ప్రపంచ రజతం, 2010 ట్యూరిన్ ప్రపంచ పోటీల్లో 4, 2013 జాగ్రెబ్ యూరోపియన్ పోటీల్లో కాంస్యం. పది నిమిషాల పని.

3. ఇప్పుడు మార్కులు. దయచేసి ఇక్కడ తొందరపడకండి. 2017-18 సీజన్ అయిపోగానే పేజీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టండి, పై మార్కునీ కింది మార్కునీ ఎప్పుడూ పోల్చకండి. ఆ గీత దగ్గర ఒక్కో ఎలిమెంట్‌కి (జంప్, స్పిన్ లాంటి విన్యాసానికి) జడ్జీలిచ్చే గ్రేడు మైనస్ 3 నుంచి ప్లస్ 3 ఉండేది కాస్తా మైనస్ 5 నుంచి ప్లస్ 5 అయింది, పురుషుల ఫ్రీ ప్రోగ్రామ్ (పోటీలో రెండోది, పొడవైన భాగం) నాలుగున్నర నిమిషాల నుంచి నాలుగుకి తగ్గింది, జంప్ ఎలిమెంట్లు 8 నుంచి 7కి దిగాయి. సమాఖ్య కూడా రికార్డులన్నీ కొత్తగా మొదలుపెట్టింది.

బ్రెజినాకి బాగా వచ్చిన ట్రిపుల్ ఆక్సెల్‌నే (గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్) తీసుకోండి. గీతకి ముందు సీజన్‌లో దాని మూల విలువ (గ్రేడు కలపకముందు మార్కు) 8.5, జడ్జీలందరూ పూర్తి గ్రేడు ఇస్తే 11.5 దాకా వెళ్లేది, పడిపోతే 5.5 మిగిలేది. గీత తర్వాత మూల విలువ 8.0, బాగా చేస్తే 12.0, పడితే 4.0. పడినందుకు మొత్తంలోంచి పోయే ఒక మార్కు వేరే. అదే మనిషి, అదే జంప్! అలాంటప్పుడు 2014 మొత్తాన్నీ 2019 మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి 'మెరుగయ్యాడు', 'పడిపోయాడు' అని రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ రాత ఆ మనిషి కష్టాన్నే తప్పుగా చూపిస్తుంది.

పాత స్కేటర్లతో ఇంకా జాగ్రత్త. 1992 ఒలింపిక్ కాంస్య విజేత పీటర్ బార్నా కాలంలో 6.0 పద్ధతి (జడ్జీలు గరిష్ఠంగా 6.0 వరకు మార్కులిచ్చే పాత పద్ధతి) ఉండేది, పైగా 1990 వరకు మంచు మీద గీతలు గీసే కంపల్సరీ ఫిగర్స్ కూడా మొత్తంలో కలిసేవి. అతని పేజీలో మార్కుల గడి అసలు పెట్టకండి, స్థానాలు చాలు. దేశం గడిలో చెకొస్లొవాకియా అని రాయండి, చెక్ రిపబ్లిక్ అని కాదు.

4. మార్కు పక్కనే ఆ పోటీలో మొదటి స్థానానికి ఎంత తేడా వచ్చిందో రాయండి. రెండు కాలాల మధ్య చూడదగ్గ అంకె నా లెక్కలో అదొక్కటే.

5. షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదటిది, చిన్న భాగం) స్థానం, ఫ్రీలో స్థానం విడివిడిగా వేయండి. ఎర్ర గీత కింద మొదటి వరస 2018-19: స్కేట్ అమెరికాలో రజతం, హెల్సింకీ గ్రాండ్ ప్రిలో రజతం, వాంకూవర్ గ్రాండ్ ప్రి ఫైనల్‌లో 4. అప్పటికి అతనికి 28 ఏళ్లు, వయసుకీ ఒక గడి ఉంచండి.