ఆస్ట్రేలియా కోర్సులకు తెలుగు కరపత్రం రాయడం ఎలా?

ఈ పనికి కావలసిన సరంజామా ఎక్కువేమీ లేదు. కళాశాల ఆమోదించిన ఇంగ్లీషు బ్రోచర్, కళాశాలకూ, దానికి విద్యార్థులను చేర్పించే ఏజెంటుకూ మధ్య జరిగిన ఒప్పంద పత్రం, క్రైకోస్ (విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి నమోదైన కళాశాలలు, కోర్సుల ఆస్ట్రేలియా ప్రభుత్వ జాబితా) తెరిచి ఉన్న కంప్యూటరు, ఒక ఎర్ర కలం ఉంటే చాలు. ఒప్పంద పత్రం చూపించని వారికి నేను ఒక్క వాక్యం కూడా రాసివ్వను. విదేశీ విద్యార్థులను చేర్చుకునే కళాశాలలు పాటించాల్సిన నియమావళి, ఆస్ట్రేలియా నేషనల్ కోడ్ 2018లోని నాలుగో ప్రమాణం ప్రకారం, తనకు అధికారికంగా ప్రాతినిధ్యం వహించే ప్రతి ఏజెంటుతోనూ కళాశాల రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. విదేశీ విద్యార్థుల చదువుకు సంబంధించిన 2000 నాటి ఈఎస్‌ఓఎస్ చట్టం ప్రకారం ఆ ఏజెంట్ల జాబితాను తన వెబ్‌సైటులో పెట్టాలి. చెన్నై టి.నగర్‌లో బోర్డు పెట్టిన వారందరూ ఆ జాబితాలో ఉండరు. మరొక ఏజెంటు కింద పనిచేసే సబ్ ఏజెంటు తన కరపత్రం మీద ‘అధికారిక ప్రతినిధి’ అని వేసుకుంటే, తప్పు మొదటి పంక్తిలోనే మొదలైనట్లు లెక్క.

పై భాగం పది నిమిషాల పని. కళాశాల పేరు క్రైకోస్‌లో ఎలా నమోదై ఉందో అలాగే రాయాలి, పక్కనే ఐదు అంకెలు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉండే దాని రిజిస్ట్రేషన్ కోడ్ వేయాలి. రాతలో ఉన్న ప్రతిదానికీ, ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిదానికీ ఈ నియమం వర్తిస్తుంది కాబట్టి, ఫ్లెక్సీకైనా వాట్సాప్ స్టేటస్‌కైనా మినహాయింపు లేదు. కోర్సు వ్యవధి, అది ఏ క్యాంపస్‌లో నమోదైంది, మొత్తం ఫీజు అంచనా ఎంత అన్నవి అదే జాబితాలో దొరుకుతాయి. అక్కడినుంచి ఎత్తి రాయండి, పాత కరపత్రం నుంచి కాదు. ఫీజు డాలర్లలోనే వేయండి. రూపాయల్లోకి మార్చి వేసే అలవాటు నాకు గిట్టదు, ఎందుకంటే సెమినార్ జరిగే నాటికి ఆ అంకె నిలిచి ఉండదు. 25 వారాలకు మించిన కోర్సుకు, మొదలు కాకముందే సగానికి మించి ట్యూషన్ ఫీజు కట్టి తీరాలని కళాశాల అడగకూడదు. విద్యార్థి తనంతట తాను కడతానంటే అది వేరు. అందువల్ల ‘మొత్తం ఫీజు ముందే కట్టాలి’ అన్న మాట కనిపిస్తే కొట్టివేయండి. అలంకారాల విషయానికి వస్తే, ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు, ఒపేరా హౌస్ బొమ్మ, ఆశ్చర్యార్థకాలు నిషిద్ధం. ఇది ఏ కోడ్‌లోనూ లేదు, కానీ నియమమే అనుకోండి.

ఇక అసలు చిక్కు. నేషనల్ కోడ్‌లోని ఒకటో ప్రమాణం కళాశాలకు విధించే నిషేధాల్లో రెండు ముఖ్యమైనవి: విద్యార్థికి వలసకు సంబంధించిన ఫలితం సాధించి పెడతానని మాట ఇవ్వకూడదు, చదువులో ఉత్తీర్ణతకు హామీ ఇవ్వకూడదు. ఇంగ్లీషులో ఈ గీత దాటకుండా రాయడం తేలిక. తెలుగులో అంత తేలిక కాదు, కారణం మన క్రియలోనే ఉంది. ‘వస్తుంది’ అన్న ఒక్క రూపం ‘మామూలుగా వస్తూ ఉంటుంది’ అన్న అర్థాన్నీ, ‘రేపు తప్పక వస్తుంది’ అన్న అర్థాన్నీ మోస్తుంది. ‘ఈ కోర్సు చేసిన వారికి పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వస్తుంది’ అని రాసిన కుర్రవాడు మొదటి అర్థంలో రాసి ఉండవచ్చు. చదివే తండ్రికి మాత్రం రెండోదే వినిపిస్తుంది.

దీన్ని గుర్తించిన వారు వెంటనే ‘రావచ్చు’, ‘చేసుకోవచ్చు’ అని దిద్దేసి పని అయిపోయిందనుకుంటారు. అది ఇంకా ప్రమాదం. మన ‘వచ్చు’కు సందేహమూ అర్థమే, అనుమతీ అర్థమే. ‘వాన పడవచ్చు’ అన్నప్పుడు సందేహం. ‘లోపలికి రావచ్చు’ అన్నప్పుడు అనుమతి. ‘చదువు తర్వాత పీఆర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు’ అన్న వాక్యాన్ని మన పాఠకుడు హక్కుగా చదువుకుంటాడు. కొందరు ఇంకొంచెం తెలివిగా ‘పీఆర్‌కు దారి తీసే కోర్సు’ అంటారు. ఆ మాట నేనూ ఒకప్పుడు ఒక కరపత్రంలో వదిలేశాను. నుంగంబాక్కంలో జరిగిన సెమినార్‌కు కావలి నుంచి వచ్చిన ఒక రైతు, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం తీసి, నీలి కలంతో గీత గీసుకున్న ఆ పంక్తిని వేలితో చూపిస్తూ, ‘దారి అంటే ఎన్నేళ్లు పడుతుంది సార్?’ అని అడిగారు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. దారి అన్నాక ఊరు చేరాలి కదా.

ఈ చిక్కుకు నేను వాడే పద్ధతి ఒక్కటే: నిర్ణయం ఎవరిదో ఆ పేరును వాక్యానికి కర్తగా పెట్టడం. ‘వీసా ఇవ్వాలా వద్దా అన్నది ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ నిర్ణయిస్తుంది, ఈ కోర్సులో చేరినంత మాత్రాన వీసా గానీ పీఆర్ గానీ రాదు’ అని రాయండి. వాక్యం అందంగా లేదని ఏజెంటు గొణుగుతాడు, గొణగనివ్వండి. కింద చుక్క (*) గుర్తు పెట్టి ‘షరతులు వర్తిస్తాయి’ అని వేయడం చాలామంది ఎంచుకునే దారి, కానీ అది రక్షణ కాదు. మన దేశంలో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వివరణ పంక్తి అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. పైన పెద్ద తెలుగు అక్షరాల్లో ఆశ పెట్టి, కింద చీమ తలంత ఇంగ్లీషులో తప్పుకోవడం కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుడు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి ఉంది.

పార్ట్‌టైమ్ పని గురించి రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. 2023 జూలై 1 నుంచి పరిమితి, కోర్సు నడుస్తున్న రోజుల్లో, రెండు వారాలకు 48 గంటలు. దాన్ని ‘వారానికి 24 గంటలు’ అని మార్చేస్తారు. లెక్క సరిపోయినట్లే ఉంటుంది గానీ నియమం అది కాదు, ఒక వారం 30, మరుసటి వారం 18 గంటలు చేసినా పరిమితిలో ఉన్నట్లే. ‘పని చేసుకుంటూ ఫీజు కట్టుకోవచ్చు’ అన్న పంక్తిని మాత్రం ఏ రూపంలోనూ ఉంచకండి. 2024 మే 10 నుంచి వీసా దరఖాస్తుదారు, కోర్సు ఫీజు, ప్రయాణ ఖర్చు కాక, ఒక ఏడాది జీవన వ్యయానికే 29,710 ఆస్ట్రేలియన్ డాలర్ల స్తోమత చూపించాలన్నది నిబంధన. అక్కడి జీతం మీద ఆధారపడి బయలుదేరమని చెప్పడం ఆ నిబంధనకు ఎదురు చెప్పడమే. అలాగే ‘ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) అక్కర్లేదు’ అనేముందు, అక్కర్లేనిది కళాశాలకా, వీసాకా అని అడగండి. ఈ రెండూ వేర్వేరు గడపలు.

రాసిన తెలుగును వాక్యం వాక్యంగా మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి, రెండూ పక్కపక్కనే పెట్టి, కళాశాలకు ఈమెయిల్ చేసి ఆమోదం తెప్పించుకోండి. ఫోన్‌లో ‘ఓకే’ అంటే చాలదు. యంత్రానువాదం పంపి సరిపెట్టేవారు ఉన్నారు. యంత్రం ‘వస్తుంది’ని తనకు తోచిన అర్థంలోకి తిప్పేస్తుంది, కళాశాల వారు చదివేది ఒకటి, కావలిలో చదివేది మరొకటి అవుతుంది. కాబట్టి చేత్తో తిప్పండి.

ట్రిప్లికేన్‌లోని ప్రెస్సు నుంచి ప్రూఫు రాగానే క్రైకోస్ కోడ్‌ను ఒక్కొక్క అంకె చొప్పున పైకి చదివించి సరిచూసుకోండి. ఆస్ట్రేలియాలో చాలా రుసుములు జూలై 1న మారతాయి. విద్యార్థి వీసా రుసుము 2024లో ఆ రోజున 1,600 డాలర్లు అయింది, 2025లో 2,000 అయింది. అందుకని కరపత్రం అడుగున నెల, సంవత్సరం వేయండి, జూన్ చివర మిగిలినవి లెక్కపెట్టి చింపేయండి. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని చిత్తు కాగితాలుగా వాడనివ్వకండి. ఒక ఆఫీసులో రిసెప్షన్‌లోని అమ్మాయి, అపాయింట్‌మెంట్ టైము రాసి ఒక తల్లి చేతికిచ్చిన చీటీ వెనక పాత వీసా రుసుము అచ్చై ఉండటం నేను చూశాను.