కాడ తెగని గుడ్డ సంచి, ఇంట్లోనే

నేను మొదట కుట్టిన సంచి కూరగాయలతో మా నెల్లూరు మద్రాసు బస్టాండు దాకా కూడా రాలేదు. రెండు కిలోల టమాటా, కిలో వంకాయలు, ఒక సొరకాయ, అంతే బరువు. ఆటో కోసం చెయ్యెత్తానో లేదో ఒక పక్క కాడ పటుక్కున ఊడొచ్చి టమాటాలన్నీ రోడ్డు మీద దొర్లాయి. సొరకాయ మాత్రం దక్కింది. ఇంటికొచ్చాక అమ్మ ఊడిన కాడని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క గీత కుట్టి వదిలేశావా, అట్టా కుడితే యాడాగుద్ది మే" అంది.

అమ్మ చెప్పిందే నిజం. దారం తెగలేదు, కాడ చిరగలేదు, బరువంతా ఆ ఒక్క గీత మీద పడి సంచి గుడ్డే అక్కడ చీలిపోయింది. ఆ తర్వాత ఓ ఇరవై సంచులు కుట్టి ఉంటాను, చుట్టాలకి ఇచ్చినవి కాక, నాకు అర్థమైంది ఏంటంటే సంచిలో జాగ్రత్తగా కుట్టాల్సినవి రెండే చోట్లు, కాడ అతికే చోటు ఒకటి, అడుగు మూలలు ఒకటి. మిగతా చోట కుట్టు వంకర పోయినా ఎవరూ చూడరు, చూసినా ఏమీ కాదు.

ముందు గుడ్డ సంగతి. కొత్తది కొనాల్సిన పనే లేదు, బీరువా అడుగున పాత దుప్పటి, తీసేసిన కిటికీ కర్టెన్, పిల్లాడికి పొట్టిదైన జీన్స్ ప్యాంటు ఏదో ఒకటి ఉంటుంది. కాకపోతే పాత గుడ్డని కత్తిరించే ముందు రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టుకుని గట్టిగా లాగి చూడండి, చర్రుమంటే దాన్ని తుడుచుకోవడానికి వాడుకోండి, సంచికి పనికిరాదు. వెలుతురుకి ఎత్తి పట్టి చూసినా తెలిసిపోతుంది, నలిగిన చోట పల్చగా జల్లెడలా కనపడుతుంది. గళ్ళ లుంగీ అయితే కూర్చునే చోట నలిగిపోయి ఉంటుంది కాబట్టి అది వదిలేసి మిగతా భాగంలోంచి తీసుకోండి, అయినా అనుమానంగా ఉంటే రెండు పొరలు వేయండి. జీన్స్ కాలు విప్పితే కింది వైపు వెడల్పు చాలదు, రెండు కాళ్ళూ జోడించుకోవాలి. వెంకటగిరి నూలు చీర ఎంత పాతదైనా దాని జోలికి పోవద్దు, ఆ నేతకి పేరొచ్చిందే పల్చదనంతో, బియ్యం మొయ్యమంటే ఎట్టా మోస్తుంది, మహా అయితే లోపల లైనింగ్ వేసుకోవచ్చు.

కొనేటట్టయితే మందంగా ఉండే కోరా గుడ్డ గానీ డ్రిల్లు గుడ్డ గానీ ఒక మీటరు అడగండి. చీరాల వైపు పనుండి వెళ్తే అక్కడి బట్టల బజార్లో ఒక గంట తిరగండి, 2022లో జిల్లాలు మార్చినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మాకింకా ప్రకాశం చీరాలే. ఒక మాట, గుడ్డలా మెత్తగా, చిన్న చిన్న చుక్కల అచ్చుతో రంగురంగుల సంచులు కొన్ని షాపుల్లో ఇస్తుంటారు కదా, చాలామంది అది గుడ్డే అనుకుంటారు. అది నూలు కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, నేసింది కూడా కాదు. చిన్న ముక్క కత్తిరించి, సింకు పక్కన, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపిస్తే ముడుచుకుపోయి ముద్దగా కరుగుతుంది, నూలు గుడ్డ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 డిసెంబరు 31 నుంచి రూలు ఉంది, ఈ గుడ్డలా కనపడే రకానికైతే చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని అంతకు ముందు ఏడాదే పెట్టారు. రూలు సంగతి ఎట్లా ఉన్నా నాలుగుసార్లు వాడేసరికి అది పొడిపొడిగా రాలడం మొదలుపెడుతుంది.

కొత్త గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. కోరా గుడ్డలో గంజి ఉంటుంది, నూలు కుదించుకుపోతుంది కూడా. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులోనే సంచి ముడుచుకుని, కుట్ల వెంబడి కుచ్చులు పడి, ఎవరో నమిలినట్టు తయారవుతుంది.

ఇప్పుడు కొలతలు. నేను చెప్పేది 14 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, అడుగున 4 అంగుళాల వెడల్పు వచ్చే సంచి. దీనికి 19 అంగుళాల వెడల్పు, 38 అంగుళాల పొడవు ఉన్న ఒకే ముక్క చాలు, మధ్యకి మడిస్తే ఆ మడతే సంచి అడుగవుతుంది, అడుగున కుట్టే ఉండదు కాబట్టి అక్కడ ఊడేదీ ఉండదు. లెక్క ఎట్లా వచ్చిందో తెలిస్తే మీకు కావాల్సిన సైజు మీరే వేసుకోవచ్చు: వెడల్పుకి 14, దానికి అడుగు వెడల్పు 4 కలిపి, పక్క కుట్లకి ఒక్కో వైపు అర అంగుళం చొప్పున 1 కలిపితే 19. పొడవుకి ఎత్తు 15, అడుగు వెడల్పులో సగం 2, పైన మడతకి 2, మొత్తం 19, అది రెండు వైపులా కాబట్టి 38. 36 అంగుళాల పన్నా, అంటే వెడల్పు ఉన్న గుడ్డ మీటరు తీసుకుంటే ఈ ముక్క పోగా 17 అంగుళాల పట్టీ మిగులుతుంది, అందులోనే కాడలూ, లోపల జేబూ వచ్చేస్తాయి.

కాడల పొడవు దగ్గర అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. నిలబడి చెయ్యి కిందికి వదిలేసి పిడికిలి నుంచి నేల దాకా కొలవండి. సంచి ఎత్తూ, వేలాడే కాడ పొడవూ కలిపి దానికంటే రెండు మూడు అంగుళాలు తక్కువ ఉండాలి, లేకపోతే నడిచేటప్పుడు సంచి అడుగు నేలకి తగులుతుంది. చేత్తో పట్టుకునే సంచికి 18 అంగుళాల కాడ సరిపోతుంది, భుజానికి తగిలించుకోవాలంటే 26 అంగుళాలు కావాలి. రెండింటికీ పనికొస్తుందని మధ్యలో ఏదో 22 పెడితే రెండింటికీ పనికిరాదు. వెడల్పు 4 అంగుళాల పట్టీలు రెండు కత్తిరించి, రెండు అంచులూ మధ్యకి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు పొరలతో అంగుళం వెడల్పు కాడ వస్తుంది. ఇస్త్రీ పెట్టె దగ్గరే ఉంచుకోండి, మడత మీద వేడి తగిలితే గుండుసూదులతో పనే లేదు. రెండు అంచుల వెంబడీ ఒక్కో కుట్టు, మధ్యలో ఇంకో కుట్టు. అంగుళం కంటే సన్నగా వద్దు, అయిదు కిలోలు వేసి నడిస్తే వేళ్ళు కోసుకుపోతాయి.

మిషన్ గురించి రెండు ముక్కలు. జాకెట్లు కుట్టే సన్న సూదితో ఈ పని మొదలుపెడితే మొదట్లోనే విరుగుతుంది. నూలు గుడ్డకి 14 నంబరు సూది, జీన్సుకీ కాన్వాసుకీ 16 నంబరు పెట్టుకోండి. దారం పాలిస్టర్‌ది, పైనా బాబిన్‌లోనూ ఒకటే రకం. కుట్టు మరీ దగ్గరదగ్గరగా పెడితే గట్టిగా ఉంటుందనుకుంటాం గానీ చిల్లులు ఎక్కువై గుడ్డ చీటీలా చిరుగుతుంది, అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు చాలు. పొరలు ఎక్కువైన చోట కాలితో తొక్కకుండా చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి, మోటారు పెట్టించుకున్న వాళ్ళు కూడా అక్కడ చెయ్యే వాడండి. మిషన్ లేకపోతే మానుకోవాల్సిన పని లేదు, రెండు పోగుల దారంతో ఒక కుట్టు ముందుకి, అర కుట్టు వెనక్కి వేసుకుంటూ పోతే మిషన్ కుట్టుకి తీసిపోదు, రెండు మధ్యాహ్నాలు పడుతుంది అంతే.

జేబు పెట్టాలనుకుంటే పక్కలు కుట్టకముందే పెట్టెయ్యాలి, తర్వాత సంచిలో చెయ్యి దూర్చి కుట్టడం నరకం. చిల్లర, తాళం చెవి పట్టేంత ఉంటే చాలు.

పక్క కుట్లకి అంచు చుట్టూ దారం అల్లే ఓవర్‌లాక్ మిషన్ ఇళ్ళలో ఉండదు కాబట్టి పోగులు ఊడకుండా నేను రెండుసార్లు కుట్టే పద్ధతి పాటిస్తాను. గుడ్డని మంచి వైపు బయటికి ఉండేలా మడవండి, అవును, మామూలుగా కుట్టే దానికి తిరగేసి. రెండు పక్కలా పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, అంచు సగానికి కత్తిరించి, సంచిని లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి, అంచు మడత బాగా ఇస్త్రీ చేసి, మళ్ళీ పావు అంగుళంలో కుట్టండి. పోగులన్నీ ఆ రెండు కుట్ల మధ్య బందీ అయిపోతాయి. జీన్సుకి ఇది మందమైపోతుంది, దానికి ఒకే కుట్టు వేసి దగ్గర్లో టైలర్ దగ్గర ఓవర్‌లాక్ చేయించుకోండి.

మూలలు చదివితే గందరగోళంగా ఉంటుంది, చేస్తే రెండు నిమిషాల పని. సంచి లోపలి వైపు బయటికి ఉండగానే ఒక మూలలోకి వేలు పెట్టి, పక్క కుట్టు సరిగ్గా అడుగు మడత మీద పడేట్టు నొక్కండి, మూల సమోసాలా మూడు కోణాలుగా అవుతుంది. కొస నుంచి కుట్టు వెంబడి 2 అంగుళాలు కొలిచి, అక్కడ అడ్డంగా చాక్‌తో గీత గీయండి. ఆ గీత పొడవు 4 అంగుళాలు రావాలి, రాలేదంటే కుట్టూ మడతా ఒకదాని మీద ఒకటి పడలేదన్నమాట, మళ్ళీ సర్దండి. గీత మీద మూడుసార్లు కుట్టి, మొదట్లోనూ చివరా వెనక్కి ముందుకీ నడిపించండి. మిగిలిన కొసని కత్తిరించమని చాలామంది చెబుతారు, నేను కత్తిరించను. దాన్ని అడుగు మీదకి మడిచి నాలుగు కుట్లు వేస్తే మూల దగ్గర అడుగు రెండింతల మందం అవుతుంది, ఉర్లగడ్డల బరువంతా వచ్చి కూర్చునేది అక్కడే మరి.

చివరికి కాడలు. సంచి పై అంచుని ముందు అర అంగుళం, తర్వాత ఒకటిన్నర అంగుళాలు లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. పక్క కుట్ల నుంచి లోపలికి అయిదేసి అంగుళాలు కొలిచి గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర కాడ బయటి అంచు వచ్చేట్టు, కాడ కొసని మడత కిందికి పూర్తిగా దూర్చండి. కాడ మెలిక పడిందేమో చూసుకోండి, నేను రెండుసార్లు మెలికతో కుట్టేసి విప్పుకున్నాను. ఇప్పుడు కాడ కిందికి వేలాడుతుండగానే మడత కింది అంచు చుట్టూ ఒక కుట్టు వేయండి. తర్వాత కాడని పైకి ఎత్తి పట్టుకుని సంచి పై అంచు చుట్టూ ఇంకో కుట్టు వేయండి. ఈ రెండు గీతల మధ్య కాడ ఉన్న చోట చుట్టూ చిన్న పెట్టెలా కుట్టి, ఆ పెట్టెలో మూల నుంచి మూలకి గుణకారం గుర్తు వేయండి. నాలుగు చోట్లా. బరువు ఇప్పుడు ఒక గీత మీద కాకుండా ఆ పెట్టె మొత్తం మీద పడుతుంది. పాత గుడ్డ అయితే మడత లోపల అరచేతిలో సగమంత జీన్స్ ముక్క పెట్టి దానితో కలిపి కుట్టండి, నా మొదటి సంచికి ఈ ముక్క ఒక్కటి పెట్టి ఉంటే టమాటాలు దక్కేవి.

చేపలకి మాత్రం ఈ సంచి తీసుకెళ్ళకండి. నెల్లూరులో ఉండి చేపల ఊసు లేకుండా ఎట్లా అంటారేమో, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా పట్టుకెళ్ళి, డబ్బాని సంచిలో పెట్టుకోండి. ఒక్కసారి చేపల నీళ్ళు గుడ్డలోకి దిగితే ఎన్ని ఉతుకులు ఉతికినా కొత్తిమీరకి కూడా ఆ వాసనే.

కుట్టడం అయ్యాక నేరుగా బజారుకి పోకుండా ఇంట్లోనే అయిదు కిలోల బియ్యం వేసి తలుపు గడియకి తగిలించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాడల దగ్గర గుడ్డ సాగినట్టు, కుట్టు చిల్లులు పెద్దవైనట్టు కనపడితే అక్కడ ముక్క వేసి మళ్ళీ కుట్టండి. నా రెండో సంచి అట్లా గడియకి వేలాడి నెగ్గిందే, ఇప్పటికీ స్కూటీ డిక్కీలో మడత పెట్టి ఉంటుంది. ఊడిపోయిన మొదటిదానికి అమ్మే కొత్త కాడలు వేసింది, అందులో ఉల్లిపాయలు పోసి వంటింటి మేకుకి తగిలించాం.