కార్తీక దీపాల తర్వాత చెరువు శుభ్రం చేయడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు చెరువులకు కార్తీకం రెండుసార్లు ముగుస్తుంది. ఒడియావాళ్ళ నెల పున్నమితో అయిపోతుంది. ఆ తెల్లవారుజామున బోయిత బందాణ, అంటే పడవల పూజ, చేసి చిట్టి పడవలు వదులుతారు. మన నెల అమావాస్య దాకా సాగుతుంది. మర్నాడు పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. పున్నమి పడవలు తీయకపోతే, అవి కుళ్ళుతున్న నీళ్ళలోనే పోలి దీపాలూ పడతాయి. అందుకని శ్రమదానం రెండుసార్లు పెట్టుకోవాలి. అది కూడా పూజ ముగిసిన పొద్దునే, ఎండెక్కక ముందే. పూలు రెండు మూడు రోజుల్లో మునిగిపోతాయి. అడుక్కి చేరి కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ని లాగేస్తాయి. తేలుతున్నప్పుడు తీస్తే గంట పని, మునిగాక తీయబోతే బురదంతా పైకి లేస్తుంది.

వారం ముందే మునిసిపాలిటీకో పంచాయతీకో చెప్పి, తీసిన చెత్తకు ట్రాక్టరు అడగండి. చేపల కోసం చెరువుని వేలంలో పాడుకున్నవాళ్ళతోనూ మాట్లాడండి. వాళ్ళ నాటుపడవ ఒక్కటి దొరికినా లోతు నీళ్ళ పని సులువవుతుంది. కరపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. థర్మకోల్ పడవ వద్దని ఊరికే చెబితే ఎవరూ వినరు. రేవు దగ్గరే అరటి దొప్పలు, అడ్డాకు దొప్పలు ఇస్తే సంతోషంగా తీసుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, వదిలినవి చెరువంతా చెదరకుండా ఆపే తేలే కంచె. ముందురోజు సాయంత్రమే కట్టాలి. నాలుగు మీటర్ల వెదురు బొంగుల్ని కొనకు కొన తాడుతో కలిపి, రేవు చుట్టూ అయిదారు మీటర్ల దూరంలో విల్లులా వంచి, రెండు చివర్లూ గట్టున గుంజలకు కట్టండి. కింద 30 సెంటీమీటర్ల షేడ్ నెట్ వేలాడదీసి, అంచుకు గులకరాళ్ళు కట్టండి. చేపల వల మాత్రం వాడొద్దు, చేపలూ నీటిపాములూ చిక్కుకుని చస్తాయి. ఖాళీ ప్లాస్టిక్ సీసాల కంచె చవకే గానీ దీపం తగిలితే కరిగిపోతుంది. తాడు బిగించి కట్టినా కష్టమే: అలకి బొంగు పైకి లేచి, కింద నుంచి పూలు జారిపోతాయి. కంచె దాటినవి గాలివాలు మూలకి చేరతాయి. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి నైరుతి మూల ముందు చూడండి.

వంద మీటర్ల గట్టుకి ఇరవై మంది చాలు. నీళ్ళలోకి నలుగురే దిగాలి, నడుం లోతు దాటకూడదు. ప్రతి అడుగుకీ ముందు కర్రతో లోతు చూసుకోవాలి. పగిలిన ప్రమిదలు కోస్తాయి గనక కాళ్ళకి పాత కాన్వాసు బూట్లు వేసుకోండి. గమ్‌బూట్లలో నీళ్ళు నిండితే కాలు కదపలేరు. మెట్ల మీద పాకుడు ఉంటుంది, పిల్లల్ని గట్టు మీదే ఉంచండి.

తీసినదాన్ని వాన నీరు అందని చోట, గట్టు అవతల పోయాలి. అరటి బోదె, పూలు ఒక కుప్ప, ప్రమిదలు ఒకటి, థర్మకోల్, ప్లాస్టిక్, నూనె వత్తులు, రంగు గుడ్డలు మరొకటి. బోదెని జానెడు ముక్కలు నరికి, పేడ కలిపి, పదిరోజులకోసారి తిరగేస్తే రెండున్నర నెలల్లో ఎరువవుతుంది. థర్మకోల్‌ని తగలబెట్టకండి, ఆ పొగ విషం.

ఇంత చేశాక నీరు బాగుపడిందో లేదో కొలవకపోతే ఎలా? 20 సెంటీమీటర్ల రేకు బిళ్ళని నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగు వేసి తాడుతో దించండి. కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. పండగ ముందు రోజు, వారం తర్వాత, రెండుసార్లూ ఒకే వేళకి, నీడ పడే వైపు. మనుషులు దిగిన రోజు బురద లేచి ఉంటుంది, ఆ లెక్క పనికిరాదు.

ఆక్సిజన్ కిట్ ఆక్వా షాపుల్లో అడగండి. సీసాని నీళ్ళలో ముంచి బుడగ లేకుండా నింపి, మందుచుక్కలు గట్టు మీదే వేసేయాలి. తెల్లవారకముందు కొలవాలి, మధ్యాహ్నమైతే నాచు ఊదిన ఆక్సిజన్ వల్ల పాడైన చెరువు కూడా మంచి అంకె చూపిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం స్నానానికి లీటరుకు 5 మిల్లీగ్రాములు, చేపలకి 4 ఉండాలి. చెత్తంతా తీసిన రెండు వారాలకి కూడా 4 దాటకపోతే, ఎక్కడో మురుగు కలుస్తోందేమో చూడాలి. గట్టు చుట్టూ నడిచి ఆ కాలువ నోరు పట్టుకోండి, తేదీ వేసి ఫొటో తీయండి, మీ అంకెలు జతచేసి మునిసిపాలిటీకి రెండు భాషల్లో అర్జీ పెట్టండి.