టెక్సాస్‌కు కొత్తగా వచ్చే తెలుగువారు లాటినో ఇరుగుపొరుగు గురించి తెలుసుకోవలసినవి

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో కాపురం పెట్టే తెలుగు కుటుంబాలకు అద్దె ఇల్లు, డ్రైవింగ్ లైసెన్స్, పిల్లల బడి గురించి చెప్పేవారు కావలసినంతమంది దొరుకుతారు. రోజూ ఎదురుపడే లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవారి) గురించి చెప్పేవారు మాత్రం అరుదు. పైకప్పు వేసేవారిగానో, పచ్చిక కోసేవారిగానో వారిని మొదట చూసి, అందరూ నిన్నమొన్న సరిహద్దు దాటి వచ్చినవారేనని మనవారిలో కొందరు తీర్మానించుకుంటారు. ఆ అభిప్రాయం మనసులో పాతుకుపోకముందే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

టెక్సాస్ 1845లో అమెరికాలో చేరింది; అంతకుముందు చాలాకాలం స్పెయిన్ ఏలుబడిలోను, ఆ తర్వాత 1836 వరకు మెక్సికో ఏలుబడిలోను ఉండేది. అప్పటినుండి ఇక్కడే ఉన్న స్పానిష్ భాషా కుటుంబాలవారిని తెహానోలు అంటారు. వారిలో హువాన్ సెగీన్ టెక్సాస్ స్వాతంత్ర్యం కోసం పోరాడి, శాన్ ఆంటోనియోలోని అలమో కోట మెక్సికో సైన్యం ముట్టడిలో ఉండగా సందేశం తీసుకుని బయటకు వెళ్లినందువల్ల బతికి, శాన్ హసింటో యుద్ధంలో గెలిచిన పక్షాన నిలిచాడు. తర్వాత శాన్ ఆంటోనియో మేయరైన ఆయనే, కొత్తగా వచ్చి స్థిరపడినవారి అనుమానాలకూ ద్వేషానికీ గురై 1842లో మెక్సికోకు పారిపోవలసి వచ్చింది. అందుచేత స్పానిష్ ఇంటిపేరు వినగానే "మీరు ఎప్పుడు వచ్చారు?" అని అడగకండి. ఆ కుటుంబం ఏడెనిమిది తరాలుగా ఈ నేలమీదే ఉండి ఉండవచ్చు. అలాగే అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికో దీవివారు 1917 నుండి అమెరికా పౌరులు. వారిని వలసదారులుగా లెక్కగట్టడం పొరపాటు.

పిల్లలను బడిలో చేర్చే తల్లిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవలసిన ఘట్టం కాలిఫోర్నియాలో జరిగింది. ఆరెంజ్ కౌంటీలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక మేనత్త తన పిల్లలతోపాటు సోదరుడు గొన్సాలో మెండెస్ పిల్లలను కూడా బడిలో చేర్పించడానికి తీసుకెళ్లింది. ఛాయ తక్కువని, ఇంటిపేరు మెక్సికన్‌దని మెండెస్ పిల్లలను మెక్సికన్ల బడికి పొమ్మన్నారు. తెల్లగా ఉన్న ఆమె పిల్లలను మాత్రం చేర్చుకుంటామన్నారు. ఆమె ఎవరినీ చేర్పించకుండా వెనక్కు వచ్చేసింది. గొన్సాలో, ప్యూర్టోరికోలో పుట్టిన ఆయన భార్య ఫెలిసితాస్, మరో నలుగురు తండ్రులతో కలిసి 1945లో దావా వేసి గెలిచారు. 1947లో అప్పీళ్ల న్యాయస్థానం ఆ తీర్పును ఖాయం చేసింది. అదే ఏడాది, చైనా, జపాన్ సంతతి పిల్లలను వేరే బడుల్లో పెట్టడానికి వీలిచ్చిన చట్టాన్ని కూడా కాలిఫోర్నియా రాష్ట్రం రద్దు చేసింది. అంటే ఆసియా పిల్లలకు ఆ తలుపు తెరిపించినవారిలో ఒక కౌలురైతు కుటుంబం ఉంది. దేశమంతటా బడుల్లో వర్ణవివక్షను కొట్టివేసిన 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పు చాలామందికి తెలుసు. దానికి ఏడేళ్ల ముందటి ఈ విజయం తెలిసినవారు తక్కువ. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

1954లోనే, ఆ తీర్పుకు రెండు వారాల ముందు, టెక్సాస్‌కు చెందిన మరో కేసులో గస్ గార్సియా, కార్లోస్ కదేనా అనే న్యాయవాదులు సుప్రీంకోర్టులో గెలిచారు. జాక్సన్ కౌంటీలో అంతకుముందు పాతికేళ్లలో మెక్సికన్ పేరున్న ఒక్కరూ జ్యూరీలో (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందంలో) కూర్చోలేదు; ఈ కేసు దాని గురించే. మొదట విచారణ జరిగిన ఆ కౌంటీ కోర్టు భవనంలోనే మగవారికి రెండు మరుగుదొడ్లు ఉండేవి: ఒకదానికి ఏ పేరూ లేదు, రెండోదానిపై నల్లవారికని ఇంగ్లీషులో, దాని కింద మగవారికి ఇక్కడేనని స్పానిష్‌లో రాసి ఉండేది. రాజ్యాంగంలోని సమాన రక్షణ తెల్లవారు, నల్లవారు అనే రెండు వర్గాలకే పరిమితం కాదని కోర్టు చెప్పింది. రేపు పౌరసత్వం వచ్చాక మీకు జ్యూరీ పిలుపు అందితే ఈ కేసును గుర్తుచేసుకోండి. ఓటు విషయంలోనూ అంతే: స్పానిష్ మాట్లాడేవారి పట్టుదల ఫలితంగా 1975లో ఓటు హక్కుల చట్టానికి చేసిన సవరణే, నేడు చికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీ మాట్లాడే ఓటర్లకు సొంత భాషలో సహాయం అందడానికి ఆధారం.

ఇక ఆచరణలో చేయవలసినవి. ఇంటికి పనికి వచ్చినవారిని పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి. అందరినీ "మెక్సికన్లు" అనకండి, వారిలో సాల్వడార్, హోండురాస్, క్యూబావారు కూడా ఉంటారు. ఆరు నెలలు ఉండడానికి వచ్చే అమ్మానాన్నలకు కూడా ఇది ముందే చెప్పడం మంచిది. టెక్సాస్ బడుల్లో నాలుగు, ఏడు తరగతుల్లో రాష్ట్ర చరిత్ర బోధిస్తారు. ఆ ఏడాది పిల్లల పాఠ్యపుస్తకంలో సెగీన్ పేరు ఎన్ని వాక్యాల్లో ఉందో మీరే చూసి, మిగతాది గ్రంథాలయం నుండి తెచ్చి చదివించండి. సెప్టెంబరు 15 నుండి అక్టోబరు 15 వరకు జరిగే హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలవారి) వారసత్వ మాసంలో ఊరి గ్రంథాలయం ఏ కార్యక్రమాలు పెడుతుందో అడిగి తెలుసుకోండి.

వీలైతే రెండు రోజులు సెలవు పెట్టుకుని శాన్ ఆంటోనియో వెళ్లండి. చాలామంది అలమో చూసి, నది ఒడ్డున తిరిగి వచ్చేస్తారు. అలమో కూడా మొదట ఒక మిషనే, అంటే స్పానిష్ పాద్రీలు నెలకొల్పిన మతకేంద్రం; దానితోపాటు 2015లో యునెస్కో గుర్తింపు పొందిన మిగిలిన నాలుగు మిషన్లనూ చూడాలి. వాటిలో ఎస్పాడా దగ్గర 18వ శతాబ్దంలో కట్టిన రాతి కాలువ వంతెన ఉంది. స్పానిష్ పాద్రీల ఏర్పాటులో స్థానిక ఆదివాసులు చెమటోడ్చి కట్టిన ఆ వంతెన మీదుగా సాగునీరు ఈనాటికీ పారుతోంది. ఎండ ముదరకముందే, పొద్దున్నే అక్కడికి చేరుకోండి.